మంచినీళ్ల చెరువులోకి గుర్రపు డెక్క: గ్రామసభలో ఏమని అడగాలి?

ఆకివీడు అబ్బాయి:
ఏటా వేసవికి కాలువలు కట్టేసి నీళ్లు ఆపే ముందు మా ఊరి మంచినీళ్ల చెరువు నింపుతారు. ఆ నీళ్లతో పాటే తూములోంచి గుర్రపు డెక్క పిలకలు కొట్టుకొస్తాయండి. అరచేతిలో పట్టేంత మొక్క, ఉబ్బిన కాడ, కింద నల్లగా కుచ్చులా వేలాడే వేళ్లు. రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మే నెలకల్లా రేవులో బిందె ముంచే చోటుండదు. కూలీలతో తీయించి గట్టు మీదే పోస్తారు. వాన పడితే సగం మళ్లీ నీళ్లలోకే. పంచాయతీని అడిగితే కాలువ వాళ్లనడగమంటారు. కాలువ వాళ్లు తూము దాటాక మాది కాదంటారు. మా అమ్మ ఆ నీళ్లే కాచి వడకట్టి తాగిస్తోంది. గ్రామసభలో ఈసారి గట్టిగా అడగాలనుంది. ఏమని అడగాలో చెప్పండి.

నీటి సంఘంలో పనిచేసినవాణ్ణి:
తమ్ముడూ, ఇద్దరిదీ బాధ్యతే. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తాగునీటి చెరువు పంచాయతీ చూసుకోవాలి. కాలువలు ఇరిగేషన్ శాఖవి, వాటి నిర్వహణలో రైతుల నీటి సంఘాలకు 1997 చట్టం భాగమిచ్చింది. కాబట్టి తీర్మానంలో రెండు పనులు విడివిడిగా రాయించు. తూముకి ఎగువన కాలువలో అడ్డంగా తాడూ వెదురూ కట్టి, అక్కడ ఆగినది ఏ రోజుకారోజు తీయాలి. ఇది ఇరిగేషన్ పని. తూము నోటికి సన్నకన్ను జాలీ పెట్టి, నింపేటప్పుడు కాపలా మనిషిని ఉంచాలి. ఇది పంచాయతీ పని.

ఇంకొక్కటి. కాలువ ఎండినప్పుడు పొక్లెయిన్‌తో డెక్క తీయించి పని అయిపోయిందనుకుంటారు. దాని విత్తనాలు అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి. ఎండ తగిలిన బురదలోకి జూన్‌లో నీళ్లు రాగానే మొలుస్తాయి. అందుకే నీళ్లు వదిలిన మొదటి నెలలో, మొక్క చిన్నగా ఉన్నప్పుడే తీయడానికి డబ్బు పెట్టాలి. మన దగ్గర బిల్లులన్నీ వేసవి పనులకే అవుతున్నాయి, నాకు కడుపు మండేది అక్కడే. తీసినదాన్ని నీటికి దూరంగా తోలించి, ఎండబెట్టి కంపోస్టు చేయాలి. కలుపు మందు మాత్రం కొట్టనివ్వకు. తాగే నీళ్లన్నది అటుంచు, చచ్చిన డెక్క కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి.

కైకలూరు చేపల రైతు:
కొల్లేటిని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేరింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తలుచుకుంటే ప్రభుత్వం కదలగలదు. కానీ చేపల చెరువుల నుంచి, పట్టణాల నుంచి వచ్చే మురుగే డెక్కకి ఎరువు. అది శుద్ధి చేయకుండా ఎంత పీకినా మళ్లీ పెరుగుతుంది.

చేపల సంగతీ తీర్మానంలో పెట్టించండి. అక్వేరియం అద్దానికి అంటుకుని నాచు తినే సక్కర్ చేప ఇప్పుడు మన నీళ్లలోనూ పడుతోంది. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్లకి వల చిక్కితే కోసి తీయాల్సిందే. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. వలలో పడితే తిరిగి నీళ్లలో వదలకూడదు. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇంకా దొంగచాటుగా పెంచుతున్నారు. అది వరదకి బయటపడితే మార్పు, ఇంగిలాయి లాంటి మన నాటు చేపలు మిగలవు.

అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్న తణుకు అమ్మాయి:
ఇక్కడ సరస్సులోంచి పడవ బయటికి తీస్తే అడుగు ప్లగ్ ఊడదీసి నీళ్లు కార్చేయాలి, అంటుకున్న నాచు దులిపేయాలి. లేకపోతే జరిమానా. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పాకకూడదని. రేవుల దగ్గర తనిఖీకి మనుషులుంటారు. మన దగ్గర చేపపిల్లల లారీలకీ వలలకీ ఇలాంటి తనిఖీ ఉంటే బాగుండును.

ఆకివీడు అబ్బాయి:
తాడూ వెదురూ, జాలీ, జూన్ నెల ఖర్చు, ఎక్కడ పోయాలి: నాలుగూ రాసుకున్నానండి. చేపల మాట మత్స్యశాఖకి వేరే అర్జీగా పెడతాను. బాబాయి గారూ, తీర్మానం నకలు ఇరిగేషన్‌లో ఎవరికివ్వాలి, ఏఈకా (అసిస్టెంట్ ఇంజనీరు), డీఈకా (డిప్యూటీ ఇంజనీరు)?

నీటి సంఘంలో పనిచేసినవాణ్ణి:
ఇద్దరికీ ఇవ్వు. రసీదు మీద తేదీ ముద్ర వేయించుకో. కాలువ కట్టేసేముందే ఇవ్వాలి సుమా.