పచ్చి పాలలో బర్డ్ ఫ్లూ పరీక్షల గురించి తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

నమస్కారం. మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. 2024 మార్చిలో టెక్సాస్, కాన్సాస్ పాడి ఆవులలో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడిన తరువాత, దుకాణాలలో కొన్న, పాశ్చరైజ్ చేసిన (వేడిచేసి క్రిములను చంపిన) 297 పాల ఉత్పత్తుల నమూనాలను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించింది. దాదాపు ఐదింట ఒకదానిలో పీసీఆర్ అనే ల్యాబు పరీక్ష ద్వారా వైరస్ జన్యుపదార్థపు ఆనవాళ్లు కనిపించినా, కోడిగుడ్లలోకి ఎక్కించి చూసినప్పుడు బతికున్న వైరస్ ఒక్కదానిలోనూ దొరకలేదని చదివాను. కనుక పాశ్చరైజ్ చేసిన పాల విషయంలో నాకు దిగులు లేదు.

అయితే మా అత్తయ్యగారు పచ్చి పాలే తెప్పిస్తారు. పాలను పొంగు వచ్చేదాకా కాచే తోడు పెడతారు గానీ, కొంత మీగడను కాచకముందే తీసి చిలుకుతారు. అదే ఏడాది నవంబరులో ఈ రాష్ట్రంలోనే దుకాణంలో అమ్మిన పచ్చి పాలలో వైరస్ కనబడి, ఆ పాలను వెనక్కి తీసుకున్నారు. ఐదేళ్ల మా పాప ఆ వెన్న తింటుంటే నాకు నిజంగా భయం వేస్తోంది.

పచ్చి పాలకు పీసీఆర్‌లో పాజిటివ్ వస్తే వైరస్ బతికే ఉందని అనుకోవాలా? డెయిరీ ట్యాంకు పాలకు నెగటివ్ వచ్చిన ఫలితాన్ని ఎన్ని రోజులు నమ్మవచ్చు? ఇళ్ల నుంచి పంపే నమూనాలను తీసుకునే ప్రయోగశాలలు ఉన్నాయా? పశువైద్యులు గానీ, ల్యాబులలో పనిచేసేవారు గానీ వివరిస్తే, పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా మాట్లాడగలను.