కొండవాలు మీద భవనాలు పెట్టేటప్పుడు నేల సరిపోవడం లేదు: అనుభవమున్నవారు చెప్పగలరు

బెజవాడ_పటకర్త:
వీడియో గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్‌లో ఇంద్రకీలాద్రి, దాని పాదాల దగ్గరి ఇళ్లతో ఒక మ్యాప్ తయారుచేస్తున్నాను. ఇంటిని వాలు మీద ఉంచి ఎండ్ కీ నొక్కితే కిందికి దిగుతోంది గాని, ఒక మూల గాలిలో వేలాడుతోంది, ఎదుటి మూల మట్టిలో కూరుకుపోతోంది. ఫ్లాటెన్ టూల్‌తో చదును చేస్తే కొండను కత్తితో కోసినట్టు చుట్టూ నిటారు గట్టు ఏర్పడుతోంది. కొన్ని ఇళ్లలో గచ్చులోంచి గడ్డి కూడా పైకి వస్తోంది.

గుంటూరు_మిర్చియార్డు:
గడ్డి సంగతి ముందు చెబుతాను. డిఫాల్ట్ స్కేలులో ల్యాండ్‌స్కేప్ (ఇంజిన్‌లోని నేల) ఎత్తును నిర్ణయించే బిందువుల మధ్య దూరం 1 మీటరు. గోడ రెండు బిందువుల నడుమ పడితే, చదును చేసిన బిందువు నుంచి చేయని బిందువుకు నేల ఏటవాలుగా లేచి గదిలోకి చొచ్చుకువస్తుంది. అందువల్ల గోడల అవతల మరో మీటరు వరకు చదును చేసి, ఆ ఎత్తును గచ్చు కంటే కొద్దిగా కిందికి ఉంచండి. గట్టు నిటారుగా రాకుండా బ్రష్ ఫాలాఫ్ (అంచు వైపు బ్రష్ ప్రభావం క్రమంగా తగ్గే వెడల్పు) పెంచి, అంచుల మీద మాత్రమే స్మూత్ టూల్ వాడండి.

కొండమెట్లు:
పై సలహా సరైనదే, కాని ప్రతి ఇంటి కిందా కొండను చదును చేస్తూ పోతే చివరికి అది కొండలా మిగలదు. మన విజయవాడలో కొండల మీది ఇళ్లను ఒకసారి గమనించండి. అక్కడ వాలును పూర్తిగా తొలగించరు. పల్లపు వైపు రాతి గోడ లేపి, వెనుక మట్టి నింపి, ఇంటికి సరిపడా చోటు మాత్రమే సంపాదించి, రాకపోకలకు మెట్లు కడతారు. ఎడిటర్‌లోనూ ఇదే పద్ధతి నమ్మదగినది. ఇంటి మోడల్‌కే పునాదిని రెండు మూడు మీటర్లు కిందికి పొడిగించండి. వాలు కొంత మారినా పునాది అడుగు మట్టిలోనే ఉంటుంది, గాలిలో వేలాడే మూల ఇక కనిపించదు. ఎగువ వైపు మాత్రం కొద్దిగా తవ్వితే చాలు. ఈ మార్పులన్నీ వేరే ఎడిట్ లేయర్‌లో (అసలు నేల మీద విడిగా ఉండే మార్పుల పొరలో) చేయండి, ఎందుకంటే ఇంటిని పక్కకు జరపాలనుకున్నప్పుడు ఆ లేయర్‌లో దిద్దుకుంటే అడుగునున్న అసలు కొండ చెక్కుచెదరదు.

లంకపల్లె:
హైట్‌మ్యాప్, అంటే నేల ఎత్తులను ఛాయలుగా చూపే చిత్రం, ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? 8 బిట్ చిత్రంలో ఉండేవి 256 ఎత్తులే కనుక, 512 మీటర్ల పరిధికి ఒక్కో మెట్టు 2 మీటర్లవుతుంది. అలాంటి నేల మీద ఏ ఇల్లూ సరిగా కూర్చోదు. 16 బిట్‌లో ఆ మెట్టు ఒక సెంటీమీటరు కంటే తక్కువ. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులను వాడుతుంటే, వాటి బిందువుల మధ్య దూరం సుమారు 30 మీటర్లని, చెట్ల, భవనాల ఎత్తు కూడా వాటిలో కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. వన్‌టౌన్ వంటి కిక్కిరిసిన చోట్ల కనిపించే గుట్టలన్నీ నిజమైన నేల కాకపోవచ్చు. ముందు వాటిని సరిచేయండి, ఇళ్లు తర్వాత.

బెజవాడ_పటకర్త:
నాది 8 బిట్ చిత్రమే, మారుస్తాను. పునాది పొడిగించగానే మూలల చిక్కు తీరింది. అయితే దూరం నుంచి చూస్తే కొన్ని గచ్చుల మీద మట్టి కనిపించి, దగ్గరికి వెళ్తే మాయమవుతోంది.

కొండమెట్లు:
దూరపు నేలను ఇంజిన్ తక్కువ బిందువులతో గీస్తుంది. మీరు చదును చేసిన చిన్న చోటు అప్పుడు చుట్టూ ఉన్న వాలులో కలిసిపోతుంది. గచ్చును ఇంకాస్త పైకి లేపండి. అదీ చాలకపోతే విజిబిలిటీ టూల్‌తో గచ్చు కింది నేలకు రంధ్రం చేయండి, ల్యాండ్‌స్కేప్ మెటీరియల్‌లో (నేల పైపూతలో) అందుకు మాస్క్, అంటే ఏ చోటు కనిపించకూడదో చెప్పే అమరిక, ఉండాలి. రంధ్రమున్న చోట నేలకు కొలిజన్ (ఆటగాడిని ఆపే గట్టిదనం) కూడా ఉండదు కనుక, గచ్చుకు సొంత కొలిజన్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆటగాడు ఇంట్లో అడుగుపెట్టగానే కిందికి పడిపోతాడు.