‘సిన్స్ టెన్ ఇయర్స్’ ఎందుకు తప్పు?

ఒక తమ్ముడు ఉద్యోగానికి పంపే లెటర్ ఇక్కడ పెట్టి చూడమన్నాడు కదా, అందులో మొదటి లైనే ‘ఐ యామ్ లివింగ్ ఇన్ అనంతపూర్ సిన్స్ టెన్ ఇయర్స్’. సిన్స్ తీసేసి ఫ్రమ్ పెట్టుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, అదీ తప్పే.

ఈ తప్పు మన ‘నుంచి’ దగ్గర మొదలవుతుంది. ‘2015 నుంచి ఇక్కడే ఉన్నా’ అంటాం, ‘పదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా’ అనీ అంటాం, రెండింటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో అలా కుదరదు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలం గడిచిందో చెబితే ఫర్. ఇది స్కూల్లో అందరికీ చెప్పేదే, కానీ రాసేటప్పుడు ఎవరికి గుర్తొస్తుంది? అందుకే ఈ రూలు పక్కనపెట్టి తెలుగులోనే చూసుకోండి. ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టండి. పదేళ్లుగా, మూడు రోజులుగా, చాలాకాలంగా: వినడానికి బాగుంటే అక్కడ ఫర్. ‘2015గా’, ‘చిన్నప్పటిగా’, ‘పొద్దున్నగా’ అని ఎవరూ అనరు, కాబట్టి అక్కడ సిన్స్. ‘సిన్స్ చైల్డ్‌హుడ్’ కరెక్టు, ‘సిన్స్ లాంగ్ టైమ్’ తప్పు. ‘సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్’ అని ఆఫీసు లెటర్లలో తెగ కనిపిస్తుంది, ‘గత రెండేళ్లుగా’ అనగలం కదా, ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్ అనాలి. పోయినేడు నుంచి అయితే మాత్రం సిన్స్ లాస్ట్ ఇయర్, ఎందుకంటే ‘పోయినేడుగా’ అనే మాటే లేదు.

సిన్స్ సరిచేసుకున్నా సగం పనే అయినట్టు, క్రియ ఇంకా మిగిలే ఉంటుంది. మనం ‘ఉంటున్నాను’ అంటాం కాబట్టి ‘ఐ యామ్ లివింగ్’ అని చేతికి వచ్చేస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హావ్ బీన్’ కావాలి. ‘ఐ యామ్ లివింగ్ సిన్స్ 2015’ అన్నా తప్పే, సిన్స్ కరెక్టుగా పెట్టినా సరే. ఇది మనవాళ్లకే పట్టిన జబ్బేమీ కాదులెండి, హిందీలో ‘సే’ కూడా రెండు పనులూ చేస్తుంది, జర్మన్‌లో ‘జైట్’ కూడా అంతే. మాట్లాడేటప్పుడు ఎవరైనా ఇట్లా అంటే దిద్దకండి, అర్థమైతే చాలు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చదివే కాగితంలో మాత్రం వదిలేయకూడదు.

— అన్నా, ‘ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ ఐ కేమ్ టు కడప’ అని పుస్తకాల్లోనే ఉంటుంది కదా, అదీ తప్పేనా?

కాదు, అది కరెక్టే. అక్కడ సిన్స్ పట్టుకున్నది పదేళ్లను కాదు, రావడాన్ని. ‘నేను కడపకొచ్చి పదేళ్లయింది’ అన్నట్టు. సిన్స్ వెనకాల ఏముందో చూడాలి గానీ, ముందు ఏముందో కాదు.

— మరి కర్నూలు రాజధానిగా ఉన్న సంగతి రాయాలంటే? పిల్లలకు వ్యాసం ఇచ్చినారు.

భలే అడిగినారు మేడమ్. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని అయింది, 1956 నవంబరు 1న ఆ హోదా హైదరాబాదుకు పోయింది, కథ అక్కడితో అయిపోయింది. అయిపోయినదానికి హావ్ బీన్ లేదు, సిన్సూ లేదు. ‘కర్నూల్ వాజ్ ద క్యాపిటల్ ఫ్రమ్ 1953 టు 1956’, లేదా ‘ఫర్ త్రీ ఇయర్స్’. ఫ్రమ్‌కు అసలు చోటు ఇదే, అటు మొదలు ఇటు చివర రెండూ చెప్పేటప్పుడు. నంద్యాల సంగతి వేరే, 2022లో జిల్లా అయింది, ఇంకా జిల్లాగానే ఉంది, కాబట్టి ‘నంద్యాల హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2022’.

లెటర్ పెట్టిన తమ్ముడూ, నీ మొదటి లైను ‘ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ అనంతపూర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని మార్చుకో. రెండో పేరాలో ‘హావ్ బీన్ వర్కింగ్ సిన్స్ 2019’ అని రాసినావు చూడు, అది కరెక్టుగానే ఉంది, ఈ గోలంతా చదివి దాన్ని కూడా ఫర్ చేసేవు.