మళ్లీ కాపి: రాగం, బాణీ, వరస, మట్టు ఒకటేనా?

హార్మోనియం పెట్టె:
అందరికీ నమస్కారం. పాటల గ్రూపులో తేలని పంచాయితీ ఒకటి ఇక్కడికి తెచ్చాను. ఇది మాటల గ్రూపు కదా, మీరే తేల్చాలి.

అక్కడ రోజుకొకరు ఒక పాత పాట పెడతారు, మిగతావాళ్లం దాని మీద నాలుగు ముక్కలు రాస్తాం. పెద్ద సమీక్షలేం కావు. ‘చరణానికి ముందు ఆ వయొలిన్లు విన్నారా’, ‘రెండో చరణం ఎవరూ పాడరేం’, ఇలాంటివి. మొన్న ఆదివారం ఒకాయన పాట పెట్టి కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముక్క రాశారు. తెలుగులో పెడితే ఇంతే: ‘మళ్లీ కాపి. తనివి తీరదు.’

సాయంత్రానికి మెసేజులు వంద దాటాయి. ఆ సంగీత దర్శకుడి అభిమానులు ‘ఏది కాపీ, ఎక్కణ్ణించి కాపీ, రుజువు చూపించు’ అని మీద పడ్డారు. ఆయనంటే పడనివాళ్లు ఎక్కడెక్కడి పాటలో రుజువులుగా పట్టుకొచ్చారు. మధ్యలో నేను దూరి, ‘బాబూ, ఆయన చెప్తున్నది కాపి రాగం. జగదోద్ధారణ కాపి, ఇంత సౌఖ్యమని కాపి’ అని పాఠం మొదలెట్టాను. హిందుస్తానీ నేర్చుకున్న ఒక అబ్బాయి వచ్చి, ‘మీ కాపి వేరు, మా కాఫీ ఠాట్ (కొన్ని రాగాలకి మూలమైన స్వరాల వరుస) వేరు. మా కాఫీ స్వరాలు మీ ఖరహరప్రియ రాగానికి సరిపోతాయి’ అన్నాడు. నిజమే, కానీ ఆ సమయంలో అది నిప్పులో నెయ్యి పోసినట్టయింది. రాసినాయన మాత్రం మళ్లీ కనబడలేదు.

నా ప్రశ్న కాపి గురించి కాదు. ఆ వంద మెసేజుల్లోనూ రాగం, బాణీ, ట్యూన్, వరస అనే మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేశారు. ‘రాగం కాపీ కొట్టాడు’ అని ఒకరు రాస్తే పదిమంది లైకు కొట్టారు. రాగాన్ని కాపీ కొట్టడమేమిటి? పిల్లలకి మొదట్లో నేర్పే ‘వరవీణా’ గీతం మోహన రాగం, త్యాగరాజస్వామి ‘నను పాలింప’ కూడా మోహనే. ఒకదాన్ని చూసి ఒకటి రాశారని ఎవరైనా అంటారా? మరి మన భాషలో ఈ నాలుగు మాటలకీ తేడా ఉందా, లేక నేనే ఊరికే టెన్షన్ పడుతున్నానా?

కృష్ణాతీరం:
అక్కా, పుస్తకాల్లో తేడా ఉంటుందేమో గానీ నోటి మాటలో లేదు. పిల్లాడు ఏడుపు అందుకుంటే మా అమ్మ ‘రాగాలు తీయకు’ అంటుంది. అది ఖరహరప్రియా తోడీయా అని అడగదుగా. మామూలు జనానికి పాటలో మాట కానిదంతా రాగమే.

హార్మోనియం పెట్టె:
మీ అమ్మగారి వాడుకకి నేనూ దణ్ణం పెడతాను. నిజానికి ఆవిడ మాట సరిగ్గానే ఉంది. ‘రాగం తీయడం’ అంటే మాట లేకుండా గొంతు సాగదీయడం. కచేరీలో ఆలాపన కూడా అదేగా. ఆవిడ ‘బాణీలు కట్టకు’ అనలేదు చూశారా? ఏడుపుకి బాణీ ఉండదు. తీసేది రాగం, కట్టేది బాణీ. ఈ క్రియలు మాత్రం ఎవరూ తారుమారు చెయ్యరు.

తేడా తెలియాలంటే అన్నమయ్య రేకులు చూడాలి. తిరుమల సంకీర్తన భాండారంలోంచి బయటపడ్డ రాగిరేకుల మీద 12 వేలకు పైగా సంకీర్తనలు ఉన్నాయి. పాటకి రాగం పేరు చెక్కారు. ఎలా పాడాలో స్వరాలు చెక్కలేదు. అంటే రాగం మన చేతికి అందింది, బాణీ పోయింది. అందుకే 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, బాలకృష్ణప్రసాద్‌గారు వాటికి మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. ‘నానాటి బదుకు’ అనగానే మన చెవిలో మోగే రేవతి రాగం బాణీ నేదునూరి వారు కట్టినదే. (పాడేటప్పుడు చాలామంది ‘బ్రతుకు’ అంటారు. రేకు మీద ఉన్నది ‘బదుకు’. దాని మీద ఇంకోసారి కొట్టుకుందాం.) రాగమూ బాణీ ఒకటే అయితే ఇంతమంది పెద్దవాళ్లు ఇన్నేళ్లు కూర్చుని చేసిన పనేమిటి?

రంగుపూసిన తాత:
అమ్మా, బాణీకి ఇంకో అర్థం ఉంది, దాన్ని వదిలేశారు. నేను నాటకాల్లో తిరిగినవాణ్ణి. ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ శార్దూలం. గణాలు ఎవరు చదివినా అవే. కానీ మా రోజుల్లో ఒక్కో నటుడిది ఒక్కో బాణీ. ఫలానా ఆయన బాణీలో పాడాడు అంటే ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ అక్షరం మీద నిలబడి సాగదీస్తాడు, ఎక్కడ తుంచేసి జనాన్ని చప్పట్ల కోసం ఎదురు చూడనిస్తాడు, ఇదంతా వస్తుంది. అప్పుడు బాణీ అంటే ట్యూన్ కాదు, పోకడ. కొత్త కుర్రాడు పెద్ద నటుడి బాణీలో పాడితే వన్స్‌మోర్ కొట్టేవాళ్లే తప్ప కాపీ అని ఎవరూ అనేవాళ్లు కాదు. పైగా అలా పాడగలగడమే అర్హత.

హార్మోనియం పెట్టె:
తాతగారూ, బాగా గుర్తు చేశారు. వీణలో తంజావూరు బాణీ, మైసూరు బాణీ, ఆంధ్ర బాణీ అంటాం, అది మీరు చెప్పే అర్థమే. హిందుస్తానీలో పాత పాడే పద్ధతి ధ్రుపద్‌లో నాలుగు బానీలు: గౌడహార్, డాగర్, ఖండార్, నౌహార్. అక్కడా పోకడే. ఇంకో పక్క గుర్బాణీ (సిక్కు గురువుల పలుకులు), కబీర్ బానీ అన్నప్పుడు బాణీ అంటే పలుకు, వాణి. ఉత్తరాదిన వకారం బకారం కావడం మామూలే కాబట్టి వాణి బాణి అయి, పలుకు నుంచి పలికే తీరుకి, తీరు నుంచి ట్యూన్‌కి జారిందని నా ఊహ. ఊహ అనే అంటున్నాను, నిఘంటువు పట్టుకుని రాకండి.

ఓరుగల్లు:
మీరంతా బాణీ బాణీ అంటున్నరు గని మా దిక్కు ఆ మాటే తక్కువ. మా నానమ్మ ‘వరస’ అనేది. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే ‘ఇది ఏ వరస?’ అని అడుగుతరు. ‘ఉయ్యాలో వరస’ అంటే చాలు, అందరి కాళ్లూ చేతులూ సర్దుకుంటయ్. అదే వరసలో రామాయణం పాడొచ్చు, ఊరి చెరువు కథ పాడొచ్చు, నిరుడు పెండ్లయి పోయిన ఆడబిడ్డ మీద అప్పటికప్పుడు కైగట్టి పాడొచ్చు. వరస ఒకటే, పాటలు వంద. ఎవరి సొత్తు అని అడిగే దిక్కే లేదు.

హార్మోనియం పెట్టె:
ఇది కదా నాక్కావలసింది! ‘కైగట్టి’ అన్న మాట కూడా ఎంత బాగుందో. కైతలో ఉన్న కై అదేననుకుంటా.

వరస గురించి నా దగ్గరా ఒక సాక్ష్యం ఉంది. మా మేనత్త ట్రంకుపెట్టెలో పాత భజన పాటల పుస్తకాలు ఉండేవి, అణా పుస్తకాలు. ప్రతి పాట మీదా బ్రాకెట్లో ‘ఫలానా పాట వరస’ అని అచ్చు వేసేవారు. రాగం పేరు ఉన్నా లేకపోయినా వరస మాత్రం ఉండేది, ఎందుకంటే చదివేవాళ్లకి స్వరాలు రావు, పాత పాట వచ్చు. అందులో సినిమా పాటల వరసలూ ఉండేవి. దేవుడి పాటకి ప్రేమ పాట వరస! ఎవరూ సిగ్గుపడలేదు. ఎందుకు పడాలి? ఎక్కణ్ణించి తెచ్చారో నెత్తి మీదే రాసుకున్నారు.

వరస అనే మాటలో ఆ ఒప్పుకోలు ముందే ఉంది. చుట్టరికానికీ మనం అదే మాట వాడతాం. ‘ఆయన నాకు బాబాయి వరస’ అంటే సొంత బాబాయి కాదు, కానీ ఆ సంబంధం ఒప్పుకుంటున్నాను అని. ఒక పాట ఇంకో పాటకి వరస అవుతుందన్నా అలాగే వినిపిస్తుంది నాకు. ఇప్పుడు ఆ బ్రాకెట్టు పోయింది. పోయినచోట ‘కాపీ’ వచ్చి కూర్చుంది.

బెంగళూరు తెలుగు:
మా వీధిలో యక్షగానం పిచ్చివాళ్లు చాలామంది. కన్నడంలో యక్షగానం పాటల ధోరణిని ‘మట్టు’ అంటారు. తమిళంలో ‘మెట్టు’. కర్ణాటక సంగీతంలో ‘వర్ణమెట్టు’ అని మనమూ వాడతాం. అంటే చుట్టుపక్కల అందరిదీ ఒకటే మాట, మనమే దాన్ని మెట్లెక్కడానికి వదిలేసి ఉత్తరాది బాణీ తెచ్చుకున్నాం.

హార్మోనియం పెట్టె:
మెట్లెక్కడానికి, మెట్టినింటికి! మట్టుని నేను మర్చిపోయాను, థాంక్స్. అది వాడుకలోకి మళ్లీ వస్తుందని ఆశ లేదు గానీ.

నల్లకోటు:
మేడమ్, వరస కబుర్లు తీపిగా ఉన్నాయి. కానీ అణా పుస్తకం వేసినాయనకీ, కోట్లలో సినిమా తీసేవాళ్లకీ ఒకే న్యాయం చెప్తే ఎలా? 1957 కాపీరైట్ చట్టం పాటని ముక్కలుగా చూస్తుంది. సాహిత్యం వేరు, సంగీతం వేరు, రికార్డింగు వేరు. చట్టంలో సంగీత రచనకిచ్చిన నిర్వచనంలోనే మాటలు అందులోకి రావని ఉంది. పాటలోంచి మాటలు తీసేస్తే మిగిలేదే మీ బాణీ. దానికి ఒక యజమాని ఉంటాడు. రాయల్టీలో తన వాటా వదులుకున్నానని రచయితా స్వరకర్తా సంతకం పెట్టినా చెల్లకుండా 2012లో సవరణ కూడా తెచ్చారు. ఒకరి కష్టం తీసుకుని పేరు వెయ్యకపోతే దానికి చుట్టరికం పేరు పెట్టి వదిలెయ్యమంటారా?

హార్మోనియం పెట్టె:
అస్సలు అనను. పేరు వెయ్యకపోవడమే తప్పు అంటున్నాను, మీరూ అదే అంటున్నారు. బ్రాకెట్టు వేస్తే వరస, మింగేస్తే కాపీ. డబ్బు సంగతి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, బ్రాకెట్టుతో పాటు చెక్కు కూడా ఇవ్వాలి. రాగం మీద మాత్రం ఎవరికీ హక్కు లేదని మీ నోటితో ఒకసారి చెప్పండి, మా గ్రూపులో అతికిస్తాను.

ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) దొరల బ్యాండు ట్యూన్లు విని సంస్కృతంలో సాహిత్యం రాశారు. ‘సంతతం పాహిమాం’ పాడి చూడండి, బ్రిటిష్ వాళ్ల జాతీయ గీతమే. దాదాపు 40 అలాంటివి ఉన్నాయి. వాటిని ‘నొట్టుస్వరాలు’ అంటారు. నొట్టు అంటే ఇంగ్లీషులో స్వరాన్ని అనే ‘నోట్’ మాటే. పేరులోనే దొర దగ్గర తెచ్చాం అని చెప్పేశారు! ఇది కూడా బ్రాకెట్టు లాంటిదే.

నల్లకోటు:
రాగం మీద ఎవరికీ హక్కు లేదు. అతికించుకోండి. ఫీజు తర్వాత మాట్లాడదాం.

కృష్ణాతీరం:
అక్కా, మా నాన్న ఇలాంటివాటికి కాపీ అనడు, ‘మక్కీకి మక్కీ’ అంటాడు. అది ఎక్కడిది?

హార్మోనియం పెట్టె:
హిందీలో మక్కీ అంటే ఈగ! నకలు రాసే గుమస్తా కథ ఒకటి చెప్తారు. అసలు కాగితం మీద చచ్చిన ఈగ అంటుకుని ఉంటే, నకలులో కూడా సరిగ్గా అక్కడే ఇంకో ఈగని చంపి అంటించాడట. సంస్కృతం వాళ్లు ‘మక్షికా స్థానే మక్షికా’ అంటారు. కాపీ కన్నా ఇదే మంచి మాట నన్నడిగితే. కాపీ అంటే తెచ్చావు అని మాత్రమే. మక్కీకి మక్కీ అంటే బుర్ర పెట్టకుండా తెచ్చావు అని. సమీక్షకి పనికొచ్చేది ఈ రెండో మాటే. పాట ఎక్కణ్ణించి వచ్చిందన్నది సగమే, వచ్చాక ఏం చేశారన్నది మిగతా సగం. పల్లవి ఎత్తుగడ ఎరువు తెచ్చుకుని చరణంలో ఎక్కడికో వెళ్లిపోయిన పాటలున్నాయి. ఈగతో సహా దింపినవీ ఉన్నాయి. రెండింటికీ ఒకే తిట్టు వాడితే విన్నట్టేనా?

టెక్సాస్ బావ:
ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇలాగే ఉంటుంది. 1990లలో ఇక్కడి రైస్ యూనివర్సిటీలో మనవాళ్లు ఆర్‌టీఎస్ అని లిపి పద్ధతి ఒకటి తయారు చేశారు. అందులో పెద్ద టీ కొడితే ‘ట’, చిన్న టీ కొడితే ‘త’. పాత పాట అని పొరపాటు లేకుండా రాయగలిగేవాళ్లం. ఇప్పుడందరూ చిన్న టీతోనే ‘పాత పాత’ అని రాస్తున్నారు. మీ ఆదివారం ఆయన ఆర్‌టీఎస్‌లో రాసి ఉంటే కాపికి పొట్టి గుడి, కాపీకి పొడుగు గుడి, గొడవే ఉండేది కాదు.

ఆదివారం పాట:
అక్కా, నేనే ఆ కాపి రాసినవాణ్ణి. లింకు ఎవరో పంపితే ఇక్కడ చేరాను. రెండు రోజులు ఫోను చూడలేదు, ఇంట్లో పెళ్లి. నేను రాసింది తాగే కాఫీ గురించి. మా ఇంట్లో కాపీ అనే అంటాం. రెండో గ్లాసు తాగుతూ పాట పెట్టాను.

ఓరుగల్లు:
😂😂 రెండో గ్లాసుకు ఇంత పంచాయితీ.

రంగుపూసిన తాత:
బాబూ, ఇంతకీ పాట సంగతి చెప్పలేదు. అది కాపి రాగమేనా?

హార్మోనియం పెట్టె:
తాతగారూ, ఇప్పుడే పెట్టె ముందు కూర్చుని మీటి చూశాను. పల్లవిలో కాపి ఛాయ ఉన్నమాట నిజం. చరణంలో ఒక స్వరం అన్యం, అంటే ఆ రాగానిది కానిది, పడుతోంది. పూర్తి కాపి అని ఆ రోజు గట్టిగా వాదించినందుకు గ్రూపులో ఒక లెంపకాయ వేసుకుని వస్తాను. ఓరుగల్లు చెల్లీ, ‘ఉయ్యాలో’ కాక మీ నానమ్మగారు ఇంకా ఏయే వరసల పేర్లు చెప్పేవారో వీలైతే రాయమ్మా. పాడి పంపినా సరే.