పొడి చెత్త రోజూ తీసుకోవాలా, వారానికి రెండు రోజులు సరిపోతుందా? శ్రీకాకుళం ఉపవిధులకు సూచనలు

నాగావళి_గట్టు:
2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు పోయి, 2026 నియమాలు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తడి, పొడి, శానిటరీ (డైపర్లు, ప్యాడ్ల లాంటివి), ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి (బల్బులు, మందుల లాంటివి) అని ఇంట్లోనే నాలుగుగా విడదీయాలి. మన నగరపాలక సంస్థ ఉపవిధులూ, అంటే అది సొంతంగా చేసుకునే స్థానిక నిబంధనలూ, దానికి తగ్గట్టు మారాలి. జనం అభిప్రాయం అడిగినప్పుడు ఏం రాయాలో ఇక్కడ తేల్చుకుందాం. నా మాట: తడి రోజూ, పొడి బుధ, శనివారాల్లోనే. ట్రిప్పులు తగ్గుతాయి, డీజిల్ మిగులుతుంది.

బండి_లెక్కలు:
డీజిల్ మిగలదండి. చిన్న ట్రక్కు డబ్బా 2.2 ఘనపు మీటర్లు, దాని కింద 600 ఇళ్లు అనుకోండి. ఇంటికి రోజుకి తడి 700 గ్రాములు, పొడి 400 గ్రాములు. తడి 420 కిలోలు, కానీ బరువైన సరుకు కాబట్టి 0.84 ఘనపు మీటర్లలో సర్దుకుంటుంది. పొడి 240 కిలోలే అయినా ఉబ్బుగా ఉండి 2.4 ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది. రెండూ రోజూ తీస్తే రోజుకి 2 ట్రిప్పులు, వారానికి 14. మీ పద్ధతిలో తడికి 7. బుధవారానికి నాలుగు రోజుల పొడి పేరుకుంటుంది, దానికి 5 ట్రిప్పులు. శనివారం మూడు రోజులది, 4 ట్రిప్పులు. మొత్తం 16.
సీసాలు నొక్కి, అట్టపెట్టెలు విప్పి మడిచి ఇస్తే పొడి సగానికి తగ్గుతుంది. అప్పుడు రోజూ తీసినా తడీ పొడీ కలిపి ఒక్క ట్రిప్పులో పోతాయి. ట్రిప్పులు తగ్గాలంటే ఉపవిధిలో ముందు రాయాల్సింది ‘నలిపి ఇవ్వాలి’ అన్న మాట.

ఎరువు_మాస్టారు:
లెక్క బాగుంది. కానీ రెండు రోజుల పద్ధతి నేను కోరేది డీజిల్ కోసం కాదు, ఎరువు కోసం. ఒకే బండిలో మధ్యన రేకు పెట్టి తడీ పొడీ తెస్తున్నారు కదా, యార్డులో డబ్బా పైకి లేపగానే వెనక తలుపు మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది. రేకు తలుపు దాకా ఉండదు. రెండు కుప్పలూ జారి కింద ఒకటైపోతాయి. గృహిణి పొద్దున్నే విడదీసిన శ్రమంతా ఆ ఒక్క నిమిషంలో వృథా.
ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో, అంటే ఊరి చెత్తతో చేసే ఎరువులో, కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. బల్బు పెంకులు, సీసా ముక్కలు చిన్నవైతే జల్లెడలోంచి దిగిపోతాయి. చేతికి గాజు గుచ్చుకుంటే రైతు మళ్లీ ఆ బస్తా ముట్టుకోడు. పాలపాకెట్ మూల పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ చిన్న ముక్క కూడా ఏరడానికి దొరకదు. మూల తెగిపోకుండా పాకెట్‌కే వేలాడేలా కోసి, కడిగి ఆరబెట్టి ఇవ్వాలి.
ఇంకొకటి. తాగిన కొబ్బరిబొండాలు తడి బండిలో వెయ్యనివ్వొద్దు. రెండు నెలల్లో మిగతాదంతా ఎరువైనా అవి అలాగే ఉంటాయి. వాటికి వేరే ముక్కలు చేసే యంత్రం కావాలి. ఆ పీచు పొట్టు చేపల మార్కెట్ చెత్తలో కలిపితే నీరు పీల్చి కంపు తగ్గిస్తుంది.

బండి_లెక్కలు:
మాస్టారూ, అది తలుపు లోపం. దానికి చెత్త తీసే రోజులు మార్చడం దేనికి? వెనక రెండు రెక్కల తలుపు పెట్టి, రేకు తలుపు దాకా పొడిగిస్తే చాలు. ముందు ఎరువు చప్టా మీద తడి రెక్క తీసి దించాలి, తర్వాత షెడ్డు దగ్గర పొడి రెక్క. ఒకవైపే బరువు ఉండగా లేపుతారు కాబట్టి నేల చదునుగా, కాంక్రీటుతో ఉండాలి. గుంతల్లో లేపితే బండి పక్కకి ఒరిగిపోతుంది.

అద్దెగది_గొంతు:
ఒక్క గదిలో నలుగురుండే ఇళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగు రోజుల పొడి చెత్త ఎక్కడ పెడతారు? వర్షాకాలం అరుగు మీద పెడితే అట్టలు తడిసి పాత సామాన్ల కొట్టువాడు కూడా కొనడు. చివరికి అది చేరేది కాలవకే. కాలవ పూడితే మునిగేదీ ఆ వీధే.

వార్డు_పరిశీలన:
డైపర్ల మాటేమిటి? 2016 నియమాల్లో గట్టిగా చుట్టి పొడి బుట్టలో వెయ్యమన్నారు, ఇప్పుడు వేరుగా ఇవ్వాలి. వాడిన డైపర్ ఇంట్లో మూడు రోజులు ఆగదు. కాబట్టి పొడికి ఏ రోజులు పెట్టినా, తడి బండికి వెనక మూతున్న డ్రమ్ము బిగించి శానిటరీ చెత్త రోజూ తీసుకోవాలని స్పష్టంగా రాయించాలి. వార్డుకో చిన్న కొలిమి పెట్టి కాల్చేస్తామంటే మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పండి. ఆస్పత్రి వ్యర్థాల కొలిమికి మొదటి గదిలో కనీసం 800, రెండో గదిలో 1050 డిగ్రీల వేడి ఉండాలని నియమం. చిన్న కొలిమికి అంత వేడి రాదు. సగం కాలిన ప్లాస్టిక్ పొగ చుట్టుపక్కల ఇళ్లలోకే పోతుంది. ఇన్సులిన్ సూదులు ఈ డ్రమ్ములో వెయ్యకూడదు. గట్టి సీసాలో మూత బిగించి నాలుగో రకం కింద ఇవ్వాలి, లేకపోతే గుచ్చుకునేది కార్మికుల చేతికే.

నాగావళి_గట్టు:
డీజిల్ వాదన వదిలేస్తున్నాను. అయినా రెండు రెక్కల తలుపులు అన్ని బండ్లకీ పెట్టేదాకా, పెట్టని బండ్లు తిరిగే వార్డుల్లో బుధ, శనివారాల పద్ధతే ఉండాలంటాను. ఇరుకిళ్ల వీధులకి మినహాయింపు ఇచ్చి, పొడి కోసం రోజూ తోపుడుబండి పంపాలి.

అద్దెగది_గొంతు:
ఆ మినహాయింపు ‘అధికారి విచక్షణ’ అని రాస్తే ఒప్పుకోను. వీధుల పేర్లు అనుబంధంలో ఉండాలి. తోపుడుబండి రాని రోజు చెత్త బయట కనిపించిందని ఆ ఇంటికి జరిమానా వెయ్యకూడదని కూడా అదే నిబంధనలో చేర్చాలి.