వాల్వు ఆంప్లిఫయరులో ఫ్యూజు నిలవకపోతే పెద్దది వేయవచ్చా?

తిరుపతి గిటారిస్టు:
రెండు ఈఎల్34 పవర్ వాల్వులున్న నా గిటారు ఆంప్లిఫయరులో ఈ వారంలోనే మూడు కొత్త ఫ్యూజులు పోయాయి. వెనుక పలక మీద 1 ఆంపియరు, స్లో బ్లో (క్షణకాలం ఎక్కువ కరెంటు పారినా తట్టుకునే రకం) అని ఉంది. మెయిన్ స్విచ్ వేసినప్పుడు ఏమీ కాదు. అర నిమిషం ఆగి స్టాండ్‌బై స్విచ్ వేయగానే పోతుంది. బాలాజీ కాలనీలో మాతో కలిసి సాధన చేసే మిత్రుడు 2 ఆంపియర్లది వేయమంటున్నాడు. వేయవచ్చా?

రేణిగుంట సభ్యుడు:
వేయవచ్చు. ఫ్యూజు తీగ వేడెక్కి చల్లారుతూ కాలక్రమంలో బలహీనపడుతుంది కనుక, పోయిన ప్రతిసారీ లోపల దోషం వెతకనవసరం లేదు. ప్రదర్శన ముందు పెట్టుకున్నవారికి ఆ తీరిక కూడా ఉండదు.

చిత్తూరు మెకానిక్:
తీగ బలహీనపడుతుందన్నది నిజమే గానీ, కొత్త ఫ్యూజులు వారంలో మూడు ఆ కారణంతో పోవు. ఫ్యూజు నిలవడం లేదని క్యారియరులో లావు తీగ చుట్టి, చివరకు బోరు మోటారు వైండింగు కాల్చుకున్న రైతులను మా వైపు ఎందరినో చూశాను. ఇక్కడ కాలేది ట్రాన్స్‌ఫార్మరు. దాని ధర ముందు వంద ఫ్యూజులు కూడా లెక్కలోకి రావు.

పోయిన ఫ్యూజును పారేసే ముందు వెలుతురులో పట్టి చూడండి. గాజు లోపల నల్లగానో, అద్దంలా మెరుస్తూనో పూత పట్టి ఉంటే గట్టి షార్టు అయినట్టు. గాజు తేటగా ఉండి తీగ మధ్యలో మాత్రమే తెగితే, పరిమితికి కాస్త మించిన కరెంటు కొంతసేపు పారినట్టు. మీది స్టాండ్‌బై వేయగానే పోతున్నది గనుక, దోషం ఎక్కువగా హెచ్‌టీ వైపే, అంటే స్టాండ్‌బై స్విచ్ ద్వారా వాల్వులకు అందే అధిక వోల్టేజీ వైపే ఉంటుంది. రెండు పవర్ వాల్వులూ తీసి చూడండి. అప్పుడూ పోతే ఫిల్టర్ కెపాసిటర్లను, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును అనుమానించాలి. నిలిస్తే లోపం వాల్వుల్లోనో, వాటి గ్రిడ్డుకు అంది కరెంటును అదుపులో ఉంచవలసిన నెగటివ్ బయాస్ వోల్టేజీలోనో ఉంటుంది. బయాస్ లేనిచోట కొత్త వాల్వులు పెడితే వాటి ప్లేట్లు కూడా ఎర్రగా కాలిపోతాయి కాబట్టి, ముందుగా వాల్వులు కొనకండి.

ఈ పరీక్షలన్నీ సీరీస్ బల్బు (ఆంప్లిఫయరుకు వెళ్లే కరెంటు దారిలో వరుసగా కలిపిన బల్బు) మీదనే చేయండి. వైండింగు కొట్లో ఉండే ఆ బోర్డే చాలు, కానీ అందులో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బే ఉండాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది; నిండు వెలుగుతో నిలిచిపోతే షార్టు ఉన్నట్టే. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీస్తుంది. రెసిస్టరుతో డిశ్చార్జి చేసి, మీటరుతో సరిచూసుకోకుండా లోపల చేయి పెట్టకండి.

రేణిగుంట సభ్యుడు:
వేదిక మీద సీరీస్ బల్బు ఎక్కడ పెట్టమంటారు?

చిత్తూరు మెకానిక్:
వేదిక మీద అదే రేటింగు ఫ్యూజు ఒకటి వేయండి, అది కూడా పోతే వేరే ఆంప్లిఫయరు అడిగి తెచ్చుకోండి. ఆ ఒక్క సాయంత్రం కోసమైనా 2 ఆంపియర్లకు నేను ఒప్పుకోను.

తిరుపతి గిటారిస్టు:
వాల్వులు తీస్తే బల్బు మసకబారింది, పెడితే నిండుగా వెలిగింది. అలవాటున్న రేడియో మెకానిక్ చేత కొలిపించగా, రెండు సాకెట్లలోనూ గ్రిడ్డుదైన 5వ పిన్ను దగ్గర నెగటివ్ వోల్టేజీ అసలే లేదు. ఆ వోల్టేజీనిచ్చే బయాస్ డయోడు తెగిపోయిందట. రేణిగుంట మిత్రుడు అన్యథా భావించవద్దు, 2 ఆంపియర్ల ఫ్యూజును కొట్లో తిరిగి ఇచ్చేశాను.