తొమ్మిదేళ్ల పిల్లలకి చెస్‌లో కారో-కాన్ (తెల్ల ఈ4కి నల్ల సీ6తో జవాబిచ్చే ఓపెనింగ్, అంటే ఆట మొదలెట్టే పద్ధతి) నేర్పించడం కరెక్టేనా?

బెజవాడ నాన్న:
మొన్న ఆదివారం గుంటూరులో టోర్నీకి మావాణ్ణి తీసుకెళ్లా, రెండో రౌండ్‌లో నల్లపావులు, కారో-కాన్ ఆడాడు, ఏడో ఎత్తుకే బిషప్ చిక్కిపోయింది. తెల్ల ఎత్తు ముందు, నల్ల ఎత్తు తర్వాత చెప్తా: ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 బిషప్ ఎఫ్5, అక్కడ అవతలి పాప హెచ్4 తోసింది, మావాడు అలవాటుగా ఈ6 ఆడేశాడు. ఇంక జీ4, బిషప్ ఈ4కి పోతే ఎఫ్3, జీ6కి వస్తే హెచ్5, ఎటు జరిగినా తినేస్తారు, మహా అయితే ఒక బంటు దక్కుద్ది. బస్సులో విజయవాడ దాకా నోరు విప్పలేదు వాడు. కోచ్ గారేమో సాలిడ్ ఓపెనింగ్ అని ఆర్నెల్లుగా ఇదే ఆడిస్తున్నారు. ఈ వయసులో ఇది అవసరమా, హాయిగా ఈ4కి ఈ5 ఆడించుకోక?

బ్రాడీపేట:
ఈ5 తోనే మొదలెట్టాలండి. పావులు త్వరగా బయటికొస్తాయి, దెబ్బలు తింటూ టాక్టిక్స్ పట్టుబడతాయి. కారో-కాన్‌లో సీ6 తోయగానే గుర్రం రావాల్సిన గడిలో బంటు కూర్చుంటది, ఎందుకో చిన్నపిల్లాడికి ఏం అర్థమవుద్ది? 1997లో డీప్ బ్లూ కంప్యూటర్ మీద ఆఖరి గేమ్‌లో కాస్పరోవ్ అంతటోడే ఇందులో ఏడో ఎత్తు హెచ్6 ఆడితే అది గుర్రాన్ని ఈ6 మీద బలిచ్చి 19 ఎత్తుల్లో ముగించింది.

నల్లగడి:
ఓపెనింగ్‌ని తిట్టకండి అన్నా. ఈ5 ఆడితే ఫ్రైడ్ లివర్ అనే తెల్లవాళ్ల దాడిలో ఎఫ్7 మీద గుర్రం దూకించుకుని ఏడ్చే పిల్లల్ని నేను చాలామందిని చూశా. హెచ్4 కూడా కొత్తదేం కాదు, 1961 వరల్డ్ ఛాంపియన్‌షిప్ రీమ్యాచ్‌లో బోట్విన్నిక్ మీద తాల్ ఆడిందే. ఫ్రెంచ్ ఓపెనింగ్‌లో (ఈ4కి ఈ6 ఆడేది) సీ8 బిషప్ లోపలే ఇరుక్కుంటదని కదా, ముందు దాన్ని బయటికి తెచ్చి తర్వాత ఈ6 తోస్తాం, కానీ ఈ6 తోసిన క్షణం అది ఇంటికొచ్చే తలుపు మూసుకుపోద్ది, కాబట్టి హెచ్4 చూడగానే ముందు బిషప్‌కి దారి ఉందా అని చూసుకోవాలి. హెచ్5 తోస్తే చాలు, ఇంక జీ4 ఆడితే వాళ్ల బంటే పోద్ది. ఈ కారణం చెప్పకుండా వరసగా ఎత్తులు బట్టీ పట్టిస్తే ఏ ఓపెనింగైనా ఇంతే. మీవాణ్ణి ఈ6 ఎందుకు ఆడావో అడిగారా?

బ్రాడీపేట:
కారణాలన్నీ గుర్తుపెట్టుకునే వయసు రావాలిగా, నేననేది అదే.

బెజవాడ నాన్న:
ఇప్పుడే బోర్డు పెట్టి అడిగా. "సార్ ఐదో ఎత్తు అని రాయించారు నాన్నా, ఒకటి ముందే ఆడేశా" అన్నాడు.